జీడి యూనిట్‌కి కొత్త మెషీన్: ఇప్పుడే కొనాలా, ఒక సీజన్ ఆగాలా? ఏది మేలు?

పలాస–కాశీబుగ్గలో లెక్కలు చూస్తుంటాను కాబట్టి జీడి యూనిట్ల వాళ్లు తరచూ ఇదే అడుగుతున్నారు: ఆటోమేటిక్ కటింగ్ మెషీన్ పెట్టమంటారా, పాతవాటితోనే నెట్టుకురమ్మంటారా? కూలి ఎంత మిగులుతుంది, గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద (విడిపోయిన పప్పు) ఎంత అన్నది నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చూసేది ఒక్కటే. అది ఏడాదిలో ఎన్ని నెలలు తిరుగుతుంది?

మెషీన్ 20 లక్షలు, తిరిగిన ప్రతి నెలా 60 వేలు ఆదా అనుకుందాం. పది నెలలు తిరిగితే ఏడాదికి 6 లక్షలు. 11 శాతం వడ్డీ కింద 2.20 లక్షలు పోయినా మొదటి ఏడాదే 3.80 లక్షలు అసలుకు జమ. అదే ఐదు నెలలే తిరిగితే వచ్చేది 3 లక్షలు, మిగిలేది 80 వేలు. అసలు తీరకముందే మెషీన్ అరిగిపోతుంది.

కంపెనీ వాళ్ల కొటేషన్‌లో మాత్రం "మూడేళ్లలో పెట్టుబడి వెనక్కి" అని ఉంటుంది. అందులో వడ్డీ ఉండదు, ఖాళీ నెలలు ఉండవు. ఐదేళ్ల తర్వాత చేతికొచ్చే 6 లక్షలు అదే వడ్డీ లెక్కన ఇవాళ్టికి దాదాపు 3.56 లక్షలే.

ఖాళీ ఎందుకొస్తుందంటే, పిక్కలు (పెంకు తీయని జీడి గింజలు) లేక. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలోని జీడి తోటల్ని కూల్చేసింది. జీడి మొక్క నాటిన వెంటనే కాపు రాదు. ఇక్కడి పంట వేసవిలోనే, అది అయిపోతే ఆఫ్రికా పిక్కలే దిక్కు. వాటికి డబ్బు ముందే కట్టాలి. ఉన్న తాకట్టంతా మెషీన్ కోసం తీసుకునే టర్మ్ లోన్‌కి పోతే, సరుకు కొనడానికి బ్యాంకు ఇచ్చే సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్ పెరగదు, సరుకు కొనలేం. అందుకే చాలామందికి ఒక సీజన్ ఆగి, ఆ డబ్బు పిక్కల మీద పెట్టమనే చెబుతున్నాను. ఆగినంత మాత్రాన మెషీన్ ఎక్కడికీ పోదు. కొన్నాక వద్దనుకుంటే సగం ధరకి కూడా అడిగేవాళ్లు దొరకడం కష్టం. తొమ్మిది, పది నెలలకు సరిపడా సరుకు ఖాయంగా ఉన్నవాళ్లు మాత్రం ఇప్పుడే కొనాలి. వాళ్లు ఆగితే నెలకు 60 వేలు వదులుకున్నట్టే.

సెకండ్ హ్యాండ్ మెషీన్ అయితే స్పేర్ పార్ట్స్ దొరికితేనే కొనండి. చిన్న యూనిట్లకు జాబ్ వర్క్, అంటే వేరేవాళ్ల మెషీన్ మీద డబ్బిచ్చి కట్ చేయించుకోవడం, చాలు.

చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు. అది ఇంకా అమల్లో ఉండి, అర్హత ఉంటే తప్పకుండా వాడుకోండి, కానీ సబ్సిడీ వస్తోందని మెషీన్ కొనకండి. కొనేవాళ్లు సెప్టెంబరులోపే నడపడం మొదలుపెట్టండి. ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకు తక్కువ వాడితే ఆదాయపు పన్ను లెక్కలో ఇచ్చే 15 శాతం తరుగుదలలో ఆ ఏడాదికి సగమే వస్తుంది.