సంచి కంటే ముందు బస సంగతి తేల్చుకోండి

నెలల తరబడి విదేశాల్లో తిరగాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని లీటర్ల బ్యాక్‌ప్యాక్ కొనాలని. రాత్రి ఎక్కడ పడుకుంటాం, బట్టలు ఎక్కడ ఉతుక్కుంటాం, ఊరి నుంచి ఊరికి దేంట్లో వెళ్తాం అన్న మూడూ తేలితే సంచి సైజు దానంతట అదే తేలిపోతుంది. వారానికోసారి ఉతుక్కునే వీలుంటే పది రోజులకైనా ఆరు నెలలకైనా అవే బట్టలు చాలు. 40 లీటర్ల సంచిలో అవి హాయిగా పడతాయి.

నేను ఎక్కువగా ఉన్నది హాస్టల్ డార్మ్‌లలో, అంటే పలువురు ప్రయాణికులు కలిసి పడుకునే గదుల్లో. బుక్ చేసేముందు ఫొటోల కంటే లాకర్ గురించే ఎక్కువ ఆరా తీస్తాను. కొన్నిచోట్ల మంచం కింద మొత్తం సంచి పట్టేంత ఇనుప పెట్టె ఉంటుంది, కొన్నిచోట్ల ఫోనూ పాస్‌పోర్టూ తప్ప మరేం పట్టని అర ఉంటుంది. తాళం మాత్రం చాలాచోట్ల మనదే. సన్నటి కొక్కెం ఉన్న నంబర్ తాళమైతే ఎక్కడైనా దూరుతుంది, తాళంచెవి పోతుందన్న బెంగ కూడా ఉండదు. ఇయర్ ప్లగ్స్, కళ్లగంత, తలకు పెట్టుకునే చిన్న లైటు లేకుండా డార్మ్‌కి వెళ్లొద్దు. లైటుకి ఎరుపు వెలుగు ఉంటే అర్ధరాత్రి సంచి వెతుక్కున్నా పక్కవాళ్ల నిద్ర చెడదు.

స్లీపింగ్ బ్యాగ్ దాదాపు అనవసరం. నల్లుల భయంతో చాలా హాస్టళ్లు దాన్ని లోపలికే రానివ్వవు. పట్టు లైనర్, అంటే లోపల దూరి పడుకునే పల్చటి దుప్పటి సంచి, ఒకటి ఉంటే చాలు. ఆల్ప్స్ కొండల మీది బసల్లో దుప్పటి వాళ్లే ఇచ్చినా లైనర్ మనమే తెచ్చుకోవాలనే నియమం సాధారణం. నల్లుల గురించి రివ్యూల్లో చూసేటప్పుడు మొత్తం రేటింగ్ చూడకండి, గడిచిన నెలలో రాసినవి మాత్రమే చదవండి.

వరసగా డార్మ్‌లలో ఉంటే ఒళ్లు అలిసిపోతుంది. మధ్యమధ్య గెస్ట్‌హౌస్‌లో సొంత గది తీసుకోవడం దుబారా కాదు. జ్వరమొస్తే మాత్రం ఆలోచించకుండా గదికి మారిపోవాలి. ఆ రాత్రుల ఖర్చు బడ్జెట్‌లో ముందే వేసుకోండి. రాత్రి బస్సుతో ఒక రాత్రి బస మిగులుతుందన్న మాట నిజమే కానీ, తెల్లవారుజామున దిగితే గది చేతికొచ్చేది మధ్యాహ్నమే. అప్పటిదాకా సంచి దాచిపెట్టుకోనిస్తారో లేదో ముందే అడిగి పెట్టుకోవాలి. పెద్ద సంచి బస్సు అడుగున పడేస్తారు కాబట్టి పాస్‌పోర్టు, మందులు, డబ్బు ఉన్న చిన్న సంచి ఒళ్లోనే ఉండాలి.

బట్టల్లో కాటన్ తగ్గించండి. జీన్స్ ఆరడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. మెరినో (ఒక రకం గొర్రెల సన్నటి ఉన్ని) టీషర్టులు రెండు మూడు రోజులు వేసుకున్నా వాసన రావు, కాకపోతే లాండ్రీలో వేడి డ్రయ్యర్‌లో వేస్తే కుంచించుకుపోతాయి, విడిగా ఇచ్చి చెప్పాలి. సంచి కొనేటప్పుడు మన ఎత్తు కాదు, వీపు పొడవు కొలిపించుకోండి. బరువు నింపి దుకాణంలోనే కాసేపు నడవండి. భారం భుజాల మీద కాకుండా నడుము బెల్టు మీద పడాలి. బరువైనవి మధ్యలో, వీపుకి ఆనించి సర్దాలి. జోరువానలో రెయిన్ కవర్ కంటే లోపల వేసిన మందపాటి ప్లాస్టిక్ సంచే బాగా కాపాడుతుంది.

కాగితాల పని నెలల ముందే మొదలుపెట్టాలి. చాలా దేశాలు పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి, కొన్ని తిరుగు టికెట్ కూడా చూపమంటాయి. షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు, షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. ఆ బీమా పత్రంలో రెండు విషయాలు వెతకండి: లైసెన్సు లేకుండా స్కూటర్ నడిపి పడితే ఇస్తారా, ఎంత ఎత్తు వరకు ట్రెక్కింగ్‌కి వర్తిస్తుంది. పసుపు జ్వరం (ఎల్లో ఫీవర్) టీకా అడిగే దేశాలకైతే దాన్ని వెళ్లడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. 2016 నుంచి దాని ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతుంది.

మందులు అసలు ప్యాకింగ్‌లోనే, డాక్టర్ చీటీతో తీసుకెళ్లండి. మామూలు జలుబు మాత్రే కొన్నిచోట్ల చిక్కులు తెస్తుంది. జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడకి వాడే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటిన మందులు జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు.

పవర్‌బ్యాంక్ విమానంలో చేతి సంచిలోనే ఉండాలి, మామూలుగా 100 వాట్-అవర్ల (బ్యాటరీలో నిలవుండే శక్తికి కొలత) దాకా అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్-అవర్లు. చైనా దేశీయ విమానాల్లో 2025 జూన్ చివరి నుంచి పవర్‌బ్యాంక్ మీద 3సి గుర్తు (చైనా భద్రతా ధ్రువీకరణ ముద్ర) కూడా ఉండాలి. అడాప్టర్ ప్లగ్ ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు.

రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు రెండు చోట్ల దాచండి. డబ్బు తీసేటప్పుడు ఏటీఎం మీ సొంత కరెన్సీలో లెక్కగట్టి చూపిస్తే వద్దనండి, స్థానిక కరెన్సీయే ఎంచుకోండి, అదే దాదాపు ఎప్పుడూ చవక. ఇంటర్నెట్‌కి ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే వేసుకునే సిమ్) వేసుకున్నా, బ్యాంకు ఓటీపీలు పాత నంబరుకే వస్తాయి కాబట్టి దాని రోమింగ్ ఆపించకండి. బయల్దేరేముందు ఆ నంబరుకి విదేశాల్లో ఎస్సెమ్మెస్‌లు అందుతాయా అని ఆపరేటర్‌ని అడిగి ఖాయం చేసుకోండి.