భోగి నాడు ఓడెక్కాం

ఏటా సంక్రాంతికి సూర్యాపేట దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్తాం. విజయవాడ హైవే మీద టోల్‌గేట్ల దగ్గర గంటల కొద్దీ నిలబడటం, ఊరు చేరగానే వంటింట్లోకి దూరటం, మూడు రోజులకి మళ్లీ అదే హైవే. ఈసారి అత్తమ్మ మోకాళ్లు బాగా మొరాయించాయి. కింద కూర్చుంటే లేవలేరు, పది మెట్లెక్కితే ఆగాలి. పిల్లలేమో రెండేళ్లుగా ఓడెక్కుదాం అని పోరు పెడుతున్నారు. చివరికి మావారు తేల్చేశారు. సింగపూర్‌లో ఎక్కి, మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూసి, మళ్లీ సింగపూర్‌లోనే దిగే నాలుగు రాత్రుల క్రూజ్. అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, తొమ్మిదో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి బాబు. ఆరుగురిలో ఒక్కరికీ ఓడ అనుభవం లేదు.

ముందు డిసెంబరు చివరి వారమే అనుకున్నాం. ఆ ధరలు చూసి వెనక్కి తగ్గాం. అదే ఓడ, అదే దారి, న్యూ ఇయర్ దాటితే చాలా తగ్గింది. క్రిస్మస్ సెలవులు ప్రపంచమంతటికీ ఉంటాయి, సంక్రాంతి సెలవులు మనకే కదా. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకి ఇది మంచి అదను. పిల్లలకి బడి రెండు రోజులు పోయింది, అంతే.

కింద రాసేదంతా అత్తమ్మ మోకాళ్లతో కొలిచి రాస్తున్నాను. పెద్దవాళ్లని తీసుకెళ్లాలా వద్దా అని తటపటాయించే ఇళ్లు చాలా ఉన్నాయి. మేమూ మూడు నెలలు అలాగే ఉన్నాం.

శంషాబాద్ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది, నాలుగున్నర గంటల ప్రయాణం. టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ అడిగి పెట్టుకోండి. డబ్బులు తీసుకోరు, పైగా ఇమిగ్రేషన్‌లో పెద్దవాళ్లు నిలబడాల్సిన పని ఉండదు. సింగపూర్‌కి వీసా ముందే తీసుకోవాలి. ఓడ బయటికెళ్లి మళ్లీ అక్కడికే వస్తుంది కాబట్టి అది మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి, చేతికొచ్చిన రోజే చూసుకోండి. మలేషియా 2023 డిసెంబరు నుంచి మనవాళ్లని వీసా లేకుండానే రానిస్తోంది. థాయ్‌లాండ్‌కీ మాకు వీసా అడగలేదు. అన్నట్టు, పండగ పిండివంటలు తీసుకెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. సింగపూర్‌లో గసగసాలు నిషేధం. అరిసెల మీద గసగసాలు అద్దే అలవాటున్న ఇళ్లవాళ్లు నువ్వులతో సరిపెట్టుకోండి.

సింగపూర్‌లో రెండు రాత్రులు సెరంగూన్ రోడ్డు మీద ఉన్నాం. హోటల్ గది మరీ చిన్నది, రెండు సూట్‌కేసులు తెరిస్తే నడిచే చోటు లేదు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. శ్రీనివాస పెరుమాళ్ గుడి నడిచిపోయేంత దగ్గర. 1978లోనే జాతీయ స్మారకంగా ప్రకటించిన గుడి అది. పొద్దున్నే వేంకటేశ్వరస్వామి దర్శనం అయ్యేసరికి అత్తమ్మ ముఖం విప్పారింది. రేస్ కోర్స్ రోడ్డులో అరిటాకు భోజనాలు, మెట్రో స్టేషన్లన్నిటికీ లిఫ్టులు. వీధుల్లో పొంగల్ సందడి కూడా ఉంది. క్యాంప్‌బెల్ లేన్‌లో చెరుకు గడలు, పసుపు కొమ్ములు, రంగులేసిన కుండలు. "మన పండగ ఇక్కడిదాకా వచ్చిందేంది" అంటూ మామయ్య ప్రతి కుండనీ తట్టి చూశారు. వాన మాత్రం రోజూ పడింది. జనవరిలో సింగపూర్‌కి ఈశాన్య రుతుపవనాల కాలం, గొడుగులు పెట్టుకోవాల్సిందే.

భోగి నాడు ఓడెక్కాం. మెరీనా బే క్రూజ్ సెంటర్‌కి మెట్రోలోనూ పోవచ్చు. రెడ్ లైన్‌లో చివరి స్టేషన్ మెరీనా సౌత్ పియర్, అక్కడి నుంచి పది నిమిషాల నడక. ఆరుగురం, ఏడు పెట్టెలు కాబట్టి మేం పెద్ద టాక్సీ మాట్లాడుకున్నాం. అక్కడ క్యూ చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. వీల్‌చైర్ అడిగాం, పదిహేను నిమిషాల్లో తెచ్చారు. దానితోపాటు ఆరుగురినీ పక్క దారిలో పంపారు.

అసలు చిక్కు సకినాల దగ్గర వచ్చింది. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు. సీల్ వేసిన ప్యాకెట్లయితేనే పర్వాలేదు. ఆ సంగతి మాకు స్కానర్ ముందు నిలబడ్డాక తెలిసింది. అత్తమ్మ రెండు రోజులు కూర్చుని చుట్టిన సకినాలు, స్టీలు డబ్బా నిండా ఉన్నాయి. చెత్తబుట్టలో వేయమంటే ఆవిడ చేతులు కదల్లేదు. మామయ్య డబ్బా మూత తీసి వెనకున్న కుటుంబానికి చూపించారు. విజయవాడ వాళ్లు. వాళ్ల వెనక చెన్నై వాళ్లు, ఆ పక్కన ఇద్దరు మలయాళీ అబ్బాయిలు. అయిదు నిమిషాల్లో డబ్బా అడుగు కనిపించింది. విజయవాడ ఆవిడ రెండు సకినాలు చున్నీ కొంగులో పట్టుకుని, "మా అమ్మమ్మ చేసేదండీ ఇలా, ఆవిడ పోయాక ఇదే తినటం" అన్నారు. నాలుగు రోజులూ ఓడలో ఎక్కడ కనబడినా ఆవిడ వచ్చి అత్తమ్మ పక్కనే కూర్చునేవారు.

గదుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. బాల్కనీ గదికి, కిటికీ లేని లోపలి గదికి దాదాపు ఒకటిన్నర రెట్లు తేడా చెప్పారు. మేం నలుగురం లోపలి గది తీసుకుని, అత్తమ్మ వాళ్లకి కిటికీ గది తీసుకున్నాం. ఇది సరైన నిర్ణయం. పిల్లలు గదిలో నిద్రపోవటానికి తప్ప ఉండరు. పెద్దవాళ్లు మధ్యాహ్నాలు గదిలోనే గడుపుతారు, వాళ్లకి సముద్రం కనబడాలి. లోపలి గదిలో లైటు తీస్తే చిమ్మచీకటి, తెల్లారిందో లేదో తెలియదు. మొదటి రోజు మావాడు తొమ్మిదింటికి లేచాడు.

మేం చేసిన తప్పు బాత్రూం గురించి అడగకపోవటం. ఓడ గదుల్లో బాత్రూంకి ఎత్తైన గడప ఉంటుంది, నీళ్లు గదిలోకి రాకుండా. మా అరచేయి అడ్డంగా పెడితే దాటి ఇంకా పైకుంది. అత్తమ్మ తలుపు చట్రం రెండు చేతులా పట్టుకుని, ముందు కుడికాలు పైకెత్తి లోపల పెట్టి, ఒక్క క్షణం ఆగి, ఎడమకాలు లాక్కునేవారు. రాత్రి రెండు మూడు సార్లు లేచే మనిషికి అది చిన్న కష్టం కాదు. వీల్‌చైర్ వాడేవాళ్ల కోసం గడప లేని గదులు ప్రతి ఓడలోనూ కొన్ని ఉంటాయి. అవి తొందరగా అయిపోతాయి. బుక్ చేసేటప్పుడు మొదట అడగాల్సింది అదే.

ఓడ కదలకముందే మస్టర్ డ్రిల్ ఉంటుంది, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందే నేర్పటం. ఏడు పొట్టి కూతలు, ఒక పొడవు కూత వినబడితే ఎక్కడికి చేరాలో చూపిస్తారు. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం నుంచి వచ్చిన క్రమశిక్షణ ఇది. మామయ్య ఆ చోటుకి మళ్లీ ఒకసారి ఒక్కరే నడిచి వెళ్లి దారి చూసుకుని వచ్చారు. ఓడ కదిలాక ఫోన్లు ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. లేకపోతే అది ఓడలో ఉండే శాటిలైట్ నెట్‌వర్క్‌ని పట్టుకుంటుంది, దాని ఛార్జీలు మామూలు రోమింగ్‌లా ఉండవు. మావారు ఒక్క రాత్రి మరిచిపోయినందుకు ఇంటికొచ్చాక బిల్లు కట్టారు.

సంక్రాంతి పొద్దున అత్తమ్మ నాలుగున్నరకే లేచి కూర్చున్నారట. యాభై ఏళ్లలో ముగ్గు లేకుండా పండగ రావటం ఇదే మొదలని మా అమ్మాయితో అన్నారు. అది గదిలో ఉన్న కాగితాలు నాలుగు అతికించి, నానమ్మ చుక్కలు చెబుతుంటే పెన్నుతో రథం ముగ్గు వేసింది. ఓడ గదుల తలుపులు ఇనుపవి, అయస్కాంతం అంటుకుంటుంది. సింగపూర్‌లో ఫ్రిజ్ కోసం కొన్న బొమ్మలతో ఆ ముగ్గుని వాళ్ల తలుపుకి పెట్టింది. కారిడార్‌లో తలుపులన్నీ ఒకేలా ఉంటాయి, అంకె చూసుకోకపోతే పక్కవాళ్ల గది తడతాం. ఆ రోజు నుంచి అత్తమ్మ వాళ్లు ముగ్గు చూసుకుని గదికి వచ్చేవారు. గది సర్దే అబ్బాయి ఫిలిప్పీన్స్ అతను, అడిగి మరీ ఫోటో తీసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం పెనాంగ్. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. ఓడ స్వెట్టెన్‌హామ్ పియర్‌లో జార్జ్ టౌన్‌ని ఆనుకునే ఆగుతుంది. గేటు దాటగానే విక్టోరియా రాణి పేరిట కట్టిన గడియార స్తంభం. ఆమె పాలనకి 60 ఏళ్లు నిండాయని 60 అడుగుల ఎత్తు పెట్టారు. టూర్ బస్సు, గైడు ఏమీ అక్కర్లేదు. ఓడవాళ్లు అమ్మే టూర్ కొనవద్దనే చెబుతాను. గేటు బయట ట్రైషాలు ఉంటాయి, మన రిక్షాని తిరగేసినట్టు మనం ముందు, తొక్కేవాడు వెనక. చుట్టూ ప్లాస్టిక్ పూలు. ముందే బేరం మాట్లాడుకోండి. అత్తమ్మ, మామయ్య దాంట్లో ఎక్కారు, మేం పక్కన నడిచాం. లిటిల్ ఇండియా పది నిమిషాల దూరమే. క్వీన్ స్ట్రీట్‌లో మహామారియమ్మన్ గుడి ఉంది, 1833లో కట్టింది. పండగ రోజు కావటంతో జనం బాగానే ఉన్నారు. పూజారి చేతిలో పెట్టిన చక్కెర పొంగలి చిన్న దొన్నెలో వేడివేడిగా, నెయ్యి అంచుల దాకా కారుతూ ఉంది. అత్తమ్మ సగం తిని సగం మామయ్య చేతికిచ్చారు. ఇంకా టైముంటే సముద్రం మీద కర్రల ఇళ్ల వాడ చూ జెట్టీ చూడండి, మేం బయటి నుంచే చూశాం. జార్జ్ టౌన్‌కి 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సాయంత్రం వీధులు చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

కనుమ రోజు ఫుకెట్. ఇక్కడ ఓడ ఒడ్డుకి రాలేదు. పటోంగ్ ఎదురుగా సముద్రంలోనే లంగరు వేసి, చిన్న పడవల్లో దింపారు. ఓడ నుంచి పడవలోకి అడుగు వేయాలి, రెండూ కదులుతుంటాయి. జనవరిలో అండమాన్ సముద్రం ప్రశాంతంగానే ఉంటుంది, అయినా అత్తమ్మ ఆ సందు చూసి వెనక్కి తిరిగారు. అమీర్‌పేటలో మాకు బుక్ చేసిన ఏజెంటు ఈ సంగతి చెప్పలేదు. "అన్ని చోట్లా నేరుగా దిగొచ్చు మేడమ్" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఏ రేవులో ఓడ ఒడ్డుకి ఆనుతుందో, ఏ రేవులో టెండర్ అనే ఈ చిన్న పడవల్లో దింపుతారో రాసి ఇమ్మని అడగండి. మేం నలుగురం వెళ్లాం. టోకెన్ తీసుకుని పడవ కోసం గంటకు పైగా కూర్చున్నాం. బీచ్‌లో రెండున్నర గంటలు, టాక్సీ ధరలు ఎక్కువ. థాయ్‌లాండ్ టైము సింగపూర్ కంటే గంట వెనక, ఫోను దానంతటదే మారిపోతుంది. మా ఓడ సింగపూర్ టైమే పాటించింది. చేతి గడియారం మార్చకుండా ఉంచుకోవటం మంచిది. ఫుకెట్ చూడాలంటే విడిగా మూడు రోజులు వెళ్లాలి, ఓడలోంచి అంచు మాత్రమే తగులుతుంది.

తిరిగొచ్చేసరికి అత్తమ్మ పై డెక్ మీద నీడలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నారు. ఓడంతా ఖాళీ. పక్కన విజయవాడ ఆవిడ, ఎదురుగా టీ కప్పులు. "మీరు పోయింది మంచిదైంది బిడ్డా, ఇంత సుఖంగా నేనెప్పుడు కూసున్న" అన్నారు. ఆ మాట విన్నాక ఏజెంటు మీద కోపం సగం పోయింది. పండగ మూడు రోజులూ ఆవిడ పొయ్యి ముందు కాకుండా కుర్చీలో కూర్చుని ఉండటం నేను పెళ్లయ్యాక చూడలేదు. నేనూ కూర్చున్నాను.

తిండికి లోటు లేదు. బఫేలో పప్పు, అన్నం, ఏదో ఒక కూర రోజూ ఉన్నాయి, కానీ చప్పగా ఉంటాయి. రాత్రి పెద్ద డైనింగ్ హాల్లో కూర్చుంటే మేలు. మెనూలో లేకపోయినా రేపటికి ఇండియన్ వెజ్ కావాలని ముందు రోజు చెబితే చేసి పెడతారు. మా టేబుల్ చూసే అబ్బాయిది శ్రీకాకుళం. రెండో రాత్రి అడక్కుండానే పెరుగన్నం, పచ్చిమిరపకాయలు తెచ్చి అత్తమ్మ ముందు పెట్టాడు. అలాంటి వాళ్లకి టిప్పు ఇవ్వటం బాధ కాదు. కానీ టిప్పు పేరుతో ఒక్కొక్కరికి రోజుకి 18 అమెరికన్ డాలర్ల పైన, పిల్లలతో సహా, బిల్లులో వేస్తారని ముందే తెలియాలి. ఆరుగురికి నాలుగు రాత్రులకి 36 వేల రూపాయలు దాటింది. ఏజెంటు ఇదీ చెప్పలేదు. వైఫై, కూల్ డ్రింకులు, ఫోటోలు అన్నీ వేరే. మేం వైఫై ఒక్క ఫోనుకే కొన్నాం, సరిపోయింది.

షోలు, స్లైడ్లు, ఆటలు పిల్లల లోకం. వాళ్లకి నాలుగు రోజులు చాల్లేదు. వాంతులు, కళ్లు తిరగటం ఎవరికీ రాలేదు. మలక్కా జలసంధి నీళ్లు నెమ్మదైనవి, మాత్రలు అలాగే తిరిగొచ్చాయి.

చివరి రాత్రి పెట్టెలకి ట్యాగులు కట్టి గది బయట పెట్టాలి. మాత్రలు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి. అత్తమ్మ ముగ్గు కాగితం మడిచి పాస్‌పోర్ట్‌ల కవర్లో పెట్టారు. పొద్దున తొమ్మిదికల్లా ఒడ్డున ఉన్నాం, విమానం రాత్రికి. సామాన్లు పాత హోటల్లోనే పెట్టుకోనిచ్చారు. వాన తగ్గేదాకా అక్కడ కింద సోఫాలో కూర్చున్నాం. అత్తమ్మ మోకాళ్లకి మందు రాసుకుంటూ, నా వైపు చూడకుండానే అన్నారు, "ఈసారి గడప లేని రూము అడుగు బిడ్డా."