అసలు కన్నా కొసరు ఎక్కువ: ఫైటింగ్ గేముల్లో ఏ బేరం మేలు?

పోయిన నెల మా చిన్నాన్న కొడుకు ఒక స్క్రీన్‌షాట్ పంపి, “అన్నా, ఇందులో ఏది కొనాలి?” అని అడిగాడు. గేమ్ ఒక్కటే, స్ట్రీట్ ఫైటర్ 6. ఎడిషన్లు మాత్రం రకరకాలు. వాటి కింద క్యారెక్టర్ పాసులు (కొత్త ఫైటర్లను గుత్తగా కొనేవి), ఆ కింద కాయిన్ ప్యాకులు (గేము లోపలి దుకాణంలో చెల్లే డబ్బు). పెళ్లికార్డులు వేయించడానికి వెళితే షాపాయన ముందు పెట్టే శాంపిల్ పుస్తకంలా ఉంది వ్యవహారం. “మామూలుది కొనుక్కో” అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. వాడు ఊరుకోడు, ఎందుకు అంటాడు. ఆ ఎందుకు వెనక ముప్పై ఏళ్ల కథ ఉంది.

మా చిన్నప్పుడు ఈ గొడవ లేదు. సందు చివర వీడియో గేమ్ షాపు, చేతిలో రూపాయి బిళ్ల, ఎదురుగా కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97. ఇయోరీతో ఆడినా, క్యోతో ఆడినా అదే రూపాయి. ఎంతసేపు ఆడామన్నదానికే డబ్బు, ఎవరితో ఆడామన్నదానికి కాదు. ఓడిపోతే ఇంకో రూపాయి, అంతే. అసలు బోర్డు కొనే బాధ షాపాయనది. ఇప్పుడు ఆ బాధ మనది. (కింద రాసే ధరలన్నీ అమెరికా ధరలు, 99 సెంట్ల చిల్లర సరిచేసి రాస్తున్నాను. మన దగ్గర స్టోరును బట్టి మారతాయి.)

కంపెనీలు ఈ గేములు అమ్మే పద్ధతుల్లో మొదటిది పాతది: అదే గేముని ఇంకో నలుగురైదుగురు ఫైటర్లను కలిపి, పేరుకి ముందో వెనకో ఓ మాట తగిలించి మళ్లీ అమ్మడం. స్ట్రీట్ ఫైటర్ 2 1991లో వచ్చింది. 1992లో ఛాంపియన్ ఎడిషన్, అదే ఏడాది టర్బో, 1993లో సూపర్, 1994లో సూపర్ టర్బో. మూడేళ్లలో ఐదు. దాన్ని తయారుచేసే క్యాప్‌కామ్ కంపెనీకి లెక్కపెట్టడం రాదా, ఎప్పటికీ మూడు దగ్గరికి రాదేమిటి అని అప్పట్లో జోకులు. స్ట్రీట్ ఫైటర్ 4కీ ఇదే జరిగింది. 2009లో కన్సోల్ మీద 60 డాలర్లు, ఏడాదికల్లా సూపర్ అని 40 డాలర్ల కొత్త డిస్క్, 2011లో ఆర్కేడ్ ఎడిషన్ 15, 2014లో అల్ట్రా ఇంకో 15. మొదటినుంచీ వెంట నడిచినవాడికి 130 డాలర్లు. దానికి దక్కింది 44 మంది ఫైటర్లు. నిజం చెప్పాలంటే ఐదేళ్లకి ఇదేం పెద్ద దోపిడీ కాదు.

అసలు ఇబ్బంది డబ్బు కాదు, చీలిక. సూపర్ కొన్నవాళ్లు సూపర్ కొన్నవాళ్లతోనే ఆడాలి. పాత డిస్క్‌తో మిగిలినవాడు ఆన్‌లైన్‌లోకి వస్తే ఊరంతా జాతరకి పోయాక వీధిలో నిలబడ్డట్టే ఉంటుంది. అంటే పేరుకి ‘ఇష్టమైతే కొనండి’, వాస్తవంలో కొనక తప్పదు. 2011 ఫిబ్రవరిలో వచ్చిన మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3కి తొమ్మిది నెలల్లోనే అల్టిమేట్ వచ్చిపడింది, 40 డాలర్లకి. 60 పెట్టి కొన్నవాడికి ఆ డిస్క్ పాతబడే టైమైనా ఇవ్వలేదు.

ఈ పద్ధతికీ కొత్తదానికీ మధ్యలో ఒక మజిలీ ఉంది, దాన్ని ఫైటింగ్ గేమ్ జనం ఇప్పటికీ మర్చిపోలేదు. 2012 మార్చిలో స్ట్రీట్ ఫైటర్ క్రాస్ టెక్కెన్ వచ్చింది. తర్వాత డౌన్‌లోడ్‌గా అమ్మబోయే 12 మంది ఫైటర్లు, బ్లాంకా, గై, లార్స్, అలీసా వగైరా, ఆ డిస్క్‌లోనే ఉన్నారని బయటపడింది. అంటే మీరు డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్న డిస్క్‌లోనే వాళ్లున్నారు, తాళం చెవికి మాత్రం ఇంకో 20 డాలర్లు. చేతిలో పట్టుకుని ఆడే హ్యాండ్‌హెల్డ్ వెర్షన్ వచ్చినప్పుడు అన్నీ సర్దుబాటుగా ఉండాలని ముందే పెట్టామని కంపెనీ సమాధానం చెప్పింది. సాంకేతికంగా అది సబబే కావచ్చు. కానీ ఇల్లు కొన్నాక ఒక గదికి తాళం వేసి ఉంచి, అద్దె విడిగా అడిగితే ఎవరూరుకుంటారు?

అందుకే 2016లో స్ట్రీట్ ఫైటర్ 5 దగ్గర మాట మార్చారు. ఇకపై కొత్త డిస్కులు తప్పనిసరి కావు, 2016లో కొన్నవాడూ తర్వాత కొన్నవాడూ ఒకే వెర్షన్ మీద ఉంటారు, ఫైటర్ల బలాబలాలు సరిచేసే బ్యాలెన్స్ మార్పులు ఉచితం, కొత్త ఫైటర్లు మాత్రం కావాలంటే కొనుక్కోవాలి. ఇదే రెండో పద్ధతి, సీజన్ పాస్: ఒక విడతలో రాబోయే ఫైటర్లందరినీ కలిపి ఒకేసారి కొనడం. మొదట్లో అమలు మాత్రం అధ్వాన్నం. 16 మందితో, కంప్యూటర్‌తో వరసగా తలపడే మామూలు ఆర్కేడ్ మోడ్ కూడా లేకుండా వదిలారు. ఆ మోడ్ రావడానికి 2018 జనవరి దాకా పట్టింది. డబ్బు పెట్టకుండానే ఫైటర్లను గెలుచుకోవచ్చన్నారు. నిజమే, ఒక్కో ఫైటర్‌కి ఫైట్ మనీ అనే ఆటలోపలి డబ్బు లక్ష కావాలి, ఆన్‌లైన్‌లో ఒక మ్యాచ్ గెలిస్తే వచ్చేది 50. ఫైట్ మనీకి వేరే దారులూ ఉన్నాయి గానీ, ఒట్టి గెలుపుల మీదే అయితే రెండు వేల మ్యాచ్‌లు. లేదంటే 6 డాలర్లు. ఎవరి ఓపిక వారిది.

అయినా ఈ రెండిట్లో నా ఓటు సీజన్ పాస్‌కే. గిల్టీ గేర్ స్ట్రైవ్, టెక్కెన్ 8, స్ట్రీట్ ఫైటర్ 6 అన్నీ ఈ దారినే నడుస్తున్నాయి. మీరు పాస్ కొన్నా కొనకపోయినా కొన్నవాడితో ఆడొచ్చు. వాడు కొత్త ఫైటర్‌ని తెస్తాడు, మీరు పాత ర్యూతో దిగుతారు. ఊరు చీలదు.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. బయటివాళ్లకి ఇది తెలియదు, రివ్యూలు రాసేవాళ్లు కూడా చాలాసార్లు వదిలేస్తారు. వేరే గేముల్లో డీఎల్‌సీ (విడిగా డౌన్‌లోడ్‌కి అమ్మే అదనపు సరుకు) కొనకపోతే మీకు తగ్గేది మీ ఆనందమే. ఫైటింగ్ గేములో కొనకపోతే మీకు తగ్గేది జ్ఞానం. స్ట్రీట్ ఫైటర్ 6లోకి పాస్‌తో అకుమా అనే ఫైటర్ వచ్చాడనుకోండి. వంపుగా గాల్లోకి లేచి మీదికి వస్తాడు. అక్కడినుంచి కాళ్ల మీదకి జారతాడా, పైనుంచి తన్నుతాడా? కిందకి కాచుకుంటే ఒకటి తగులుతుంది, నిలబడి కాచుకుంటే ఇంకొకటి. దీనికి విరుగుడు నేర్చుకోవాలంటే ట్రైనింగ్ మోడ్‌లో అకుమాని ఎదురుగా నిలబెట్టి, అదే దెబ్బ యాభైసార్లు వేయించుకుని చూడాలి. అకుమా మీ దగ్గర లేకపోతే? ర్యాంక్ మ్యాచ్‌ల్లో తన్నులు తింటూ నేర్చుకోవాలి. నేను అకుమాతో ఆడను కదా, నాకెందుకు అనుకోవడానికి లేదు. మీరు ఆడకపోయినా వాడు మీతో ఆడతాడు.

టెక్కెన్ 7 దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. ఫైటింగ్ గేములో కాలాన్ని ఫ్రేములతో కొలుస్తారు, సెకనుకి 60. ఎదుటివాడి దెబ్బని మీరు కాచుకున్నారు, వాడు తేరుకోవడానికి మీకన్నా 10 ఫ్రేములు ఎక్కువ పడుతుందనుకుందాం. మీ జాబ్, అంటే చిన్న గుద్దు, 10 ఫ్రేముల్లో తగులుతుంది. అంటే ఆ దెబ్బ మీకు ఖాయం, వాడు తప్పించుకోలేడు. అదే 9 ఫ్రేములైతే తప్పించుకుంటాడు. ఏ దెబ్బకి ఎంత అన్నదే ఈ ఆట లెక్క మొత్తం. ఆ అంకెల్ని తెరమీద చూపించే సదుపాయాన్ని 2019లో 4 డాలర్లకి అమ్మారు. చదరంగం బోర్డు అమ్మి, గుర్రం ఎలా దూకుతుందో చెప్పడానికి విడిగా చార్జ్ చేసినట్టు. 4 డాలర్లు పెద్ద మొత్తమేం కాదు, అయినా నాకు ఈ మొత్తం జాబితాలో అన్నిటికన్నా మంట పుట్టించింది ఇదే. టెక్కెన్ 8లో ఆ అంకెలు గేముతోపాటే ఇచ్చారు. దానికి బదులు విడుదలైన నెలకల్లా, రివ్యూలన్నీ వచ్చేశాక, దుస్తుల షాపు తెరిచారు. ఆ తర్వాత హెయిహాచీ అనే ఫైటర్‌తోపాటు వచ్చిన ఒక స్టేజీని (పోటీ జరిగే చోటుని), పాస్ ఉన్నవాళ్లకి కూడా విడిగా వెల కట్టారు.

దుస్తుల సంగతికొస్తే నాకు పెద్ద పట్టింపు లేదు. కిమోనో రంగు మారితే మ్యాచ్ ఫలితం మారదు, కొనేవాడు కొంటాడు. కొన్నవాడి డబ్బుతో నాకు ఉచితంగా సర్వర్లు నడుస్తాయి, ఇంకా మంచిది. పేచీ ఎక్కడంటే కాయిన్ల దగ్గర. స్ట్రీట్ ఫైటర్ 6లో ఒక్క ఫైటర్ ధర 350 కాయిన్లు. దుకాణంలో దొరికేవి 250 (5 డాలర్లు), 610 (12 డాలర్లు), ఆపైన పెద్దవి. 350 ప్యాక్ లేదు. ఉంటే గింటే మీరు సరిగ్గా అంతే కొనేస్తారు కదా! కాబట్టి రెండు 250లు కొనాలి, 10 డాలర్లు. చేతిలో 150 మిగులుతాయి, ఇంకో ఫైటర్‌కి చాలవు, పారేయబుద్ధీ కాదు. కిరాణా కొట్లో చిల్లర లేదని చేతిలో పెట్టే చాక్లెట్లు గుర్తున్నాయా? కనీసం అవి తినొచ్చు. అదే నలుగురున్న పాస్ 30 డాలర్లు, అంటే మనిషికి ఏడున్నర. ఒక్కరే కావాలన్నవాడికి ఎక్కువ పడేలా, నలుగుర్నీ కొనేవాడు తెలివైనవాడనిపించేలా కట్టిన లెక్క ఇది.

ఇదే కాయిన్లతో 2023 ఆగస్టులో నింజా తాబేళ్ల దుస్తులు అమ్మారు. ఒక్కోటి 750. నాలుగూ కావాలంటే 3000, అంటే 2750 ప్యాక్, దానికి తోడు 250 ప్యాక్, వెరసి 55 డాలర్లు. అప్పట్లో గేమ్ ఖరీదే 60. పోనీ ఆ వేషం ర్యూకో కెన్‌కో వేయొచ్చా అంటే అదీ లేదు, మనం తయారుచేసుకునే అవతార్ బొమ్మకి మాత్రమే. మోర్టల్ కొంబాట్ 1 కూడా అదే ఏడాది హాలోవీన్‌కి ఒకే ఒక్క ఫాటాలిటీని (ఓడినవాడిని ఘోరంగా చంపే ముగింపు దెబ్బని) 10 డాలర్లకి పెట్టింది, ఫాటాలిటీ అనేదే ఆ గేములకి పేరు తెచ్చిన సంగతి అయినా.

మూడో పద్ధతి: గేమ్ ఫ్రీ, ఫైటర్లకి డబ్బు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. దీన్ని మర్యాదగా చేసింది నాకు తెలిసి 2013 నాటి కిల్లర్ ఇన్‌స్టింక్ట్. ఒక ఫైటర్ ఉచితం, ఇంకొకరు కావాలంటే 5 డాలర్లు, మొదటి సీజన్ ఫైటర్లంతా కావాలంటే 20. ఫైటర్ని కొనడానికి కాయిన్ల లెక్కలు లేవు, నచ్చిన ఒక్కరితోనే ఏళ్లు గడిపేసేవాడికి ఖర్చు మహా అయితే 5 డాలర్లు. నిజానికి ఫైటింగ్ గేములు ఆడేవాళ్లలో చాలామంది అలాంటివాళ్లే, ఒకళ్లని పట్టుకుంటే వదలరు. ఆ లెక్కన ఈ పద్ధతే అందరికీ నప్పాలి.

కానీ ఫ్రీ గేముకి ప్రాణం సర్వర్లో ఉంటుంది. మల్టీవర్సస్ అనే ఫ్రీ గేమ్ 2022లో బీటాగా, అంటే ప్రయోగాత్మకంగా వచ్చింది, మొదట్లో చేరేవాళ్లకి 100 డాలర్ల దాకా ఫౌండర్ ప్యాకులు అమ్మింది, మరుసటి ఏడాది మూసుకుని, 2024 మేలో మళ్లీ తెరుచుకుని, 2025 మే 30న పూర్తిగా ఆగిపోయింది. చివరి సీజన్లో లాగిన్ అయినవాళ్లకి, ఉన్న ఫైటర్లతో ఆఫ్‌లైన్ ఆడుకునే వీలు మిగిల్చారు, అది కొంత నయం. అయినా ఆన్‌లైన్‌లో ఎదుటి మనిషి లేని ఫైటింగ్ గేమ్ దేనికి? పాత డిస్క్ అయితే ఏ లాగిన్‌తోనూ పనిలేకుండా అటకమీద నుంచి దింపి పండక్కి వచ్చిన బావమరిదితో ఓ పట్టు పట్టొచ్చు.

నాలుగోది కంపెనీవాళ్లది కాదు, మనది: ఓపిక పట్టడం. మోర్టల్ కొంబాట్ 11ని 2019 ఏప్రిల్‌లో 60కి కొని, తర్వాత విడిగా వచ్చిన అదనపు భాగాలు, అంటే కొంబాట్ ప్యాక్ 40, ఆఫ్టర్‌మాత్ 40, రెండో ప్యాక్ 15, వరసగా కొన్నవాడికి అయింది 155 డాలర్లు. 2020 నవంబరులో ఇవన్నీ కలిపి అల్టిమేట్ పేరుతో 60కే పెట్టారు. పంతొమ్మిది నెలలు ఆగితే 95 డాలర్లు మిగులు. ఒక్కడే కూర్చుని కథ చూసి, కంప్యూటర్‌తో ఆడి పక్కన పెట్టేవాళ్లకి ఇంతకన్నా మంచి బేరం లేదు, కళ్లు మూసుకుని ఆగండి. ఆన్‌లైన్ మనిషైతే మాత్రం జాగ్రత్త. మొదటి నెలల్లో అందరూ తడబడేవాళ్లే, మీలాంటివాళ్లు మీకు దొరుకుతారు. ఏడాదిన్నర తర్వాత వెళితే మిగిలినవాళ్లంతా ఆరితేరినవాళ్లు. ఆ 95 డాలర్లూ పరువు రూపంలో కట్టాల్సి వస్తుంది.

మా వాడికి చెప్పింది ఇదీ. ముందు స్టాండర్డ్ కొను, అదీ సేల్‌లో. అందులోనే 18 మంది ఉన్నారు, ఒక్కరిని పట్టుకుని రెండు నెలలు ఆడు. మనసు ఇంకా నిలిస్తే, ఆ ఏడాది నలుగురిలో కనీసం ముగ్గురు కావాలనిపిస్తే పాస్ తీసుకో. ఒక్కరి కోసం కాయిన్లు కొనకు. ప్రీ-ఆర్డర్ బోనస్ చూసి ముందే డబ్బు కట్టడం అసలే వద్దు. ఎదుటివాడి ఫైటర్‌ని అర్థం చేసుకోవాలంటే ఆడుతూ ఉంటే అప్పుడప్పుడూ దొరికే రెంటల్ టికెట్ (కొనని ఫైటర్‌ని కాసేపు అద్దెకిచ్చేది) ఉంది, దాన్ని అలంకారానికి దాచుకోకుండా ట్రైనింగ్ మోడ్‌లో వాడు.

“అల్టిమేట్‌లో దుస్తులు బాగున్నాయన్నా” అన్నాడు కాసేపాగి. స్టాండర్డే కొన్నాడు. నిన్న రాత్రి పదకొండింటికి మెసేజ్: రెంటల్ టికెట్ మీద అకుమాని తీసుకున్నాడట, టైమ్ అయిపోవచ్చిందట, ఆ గాల్లోంచి జారే దెబ్బకి ఏం కొట్టాలో త్వరగా చెప్పమంటున్నాడు.