రాన్సమ్‌వేర్‌కి ఫార్మాటా, క్లీనింగా? మొండి ఎక్స్‌టెన్షన్‌కి ఏది మేలు?

"సిస్టమ్‌కి వైరస్ పట్టింది. ఫార్మాట్ కొట్టించాలా, స్కాన్ చేసుకుంటే చాలా?" పదే పదే వచ్చే ఈ ప్రశ్న వెనక రెండు వేర్వేరు సమస్యలుంటాయి. ఒకరికి ఫోటోలు, ఎక్సెల్ షీట్లు ఏవీ తెరుచుకోవు. ఫైళ్ల పేర్ల చివర కొత్తగా నాలుగక్షరాలు అతుక్కుని ఉంటాయి. ఇంకొకరికి ఫైళ్లన్నీ బాగానే ఉంటాయి గానీ, క్రోమ్‌లో ఏది వెతికినా ఎవరిదో సెర్చ్ పేజీకి పోతుంది. తీసేసిన ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి అతికించుకునే చిన్న ప్రోగ్రాము) మర్నాటికి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మొదటిదాన్ని స్కాన్‌తో సరిపెట్టి, రెండోదానికి ఫార్మాట్ కొట్టడం మామూలైపోయింది. నా లెక్కలో ఇది తిరగబడాలి.

ముందు ఏది పట్టిందో తేల్చుకోవాలి. తెర నిండా ఎర్రటి పేజీ వచ్చి, బీప్‌మని మోగుతూ, "మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అంటుంటే అది చాలాసార్లు ఒట్టి వెబ్ పేజీయే. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఆపేయండి. మళ్లీ తెరిచాక పాత పేజీలు రిస్టోర్ చేయమంటారా అని అడిగితే వద్దనండి. ఆ తర్వాత ఒక ఫోటో, ఒక వర్డ్ ఫైలు తెరిచి చూడండి. తెరుచుకుంటే మీది బ్రౌజర్ గొడవ. తెరుచుకోక, ఫోల్డర్ ఫోల్డర్‌కీ రీడ్‌మీ అనే టెక్స్ట్ ఫైలు కనిపిస్తే అది రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బడిగే ప్రోగ్రాము. వెంటనే నెట్ తీసేయండి, పెన్‌డ్రైవ్‌లూ ఎక్స్‌టర్నల్ డిస్కులూ ఊడదీయండి. ఇంకా ఫైళ్లు మారిపోతూనే ఉంటే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి.

రాన్సమ్‌వేర్ పడితే

ఇళ్లలోని కంప్యూటర్లను బాగా దెబ్బతీసిన స్టాప్ డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ కుటుంబాన్నే తీసుకుందాం. 2018 నుంచి తిరుగుతోంది. 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు కూడా సోకిన వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విండోస్‌లో లోపం పట్టుకుని నెట్‌వర్క్ మీదుగా తనంతట తానే పాకింది. డీజేవీయూ అలా రాదు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, కీజెన్ (దొంగ లైసెన్స్ కీలు పుట్టించేది), విండోస్ యాక్టివేటర్ రూపంలో వస్తుంది, దాన్ని మనమే నడిపిస్తాం. యాంటీవైరస్ ఆపేసి, అడ్మినిస్ట్రేటర్ అనుమతి కూడా ఇచ్చి మరీ నడిపిస్తాం. అది పని చేసుకుంటుండగా ఉత్తుత్తి విండోస్ అప్‌డేట్ కిటికీ చూపిస్తుంది. విండోస్ దాచి ఉంచే ఫైళ్ల పాత ప్రతులను, అంటే షాడో కాపీలను, చెరిపేస్తుంది. హోస్ట్స్ ఫైలు మార్చి, సాయం దొరికే వెబ్‌సైట్లు తెరుచుకోకుండా చేస్తుంది. టాస్క్ షెడ్యూలర్‌లో ఒక టాస్క్ పెట్టుకుని మళ్లీ మళ్లీ లేస్తుంది. అందుకే సాయంత్రం కాపీ చేసుకున్న కొత్త ఫైలు కూడా కాసేపటికి లాక్ అయిపోతుంది.

స్కాన్ చేస్తే ఇవన్నీ పోవచ్చు. విండోస్ డిఫెండర్‌లోని ఆఫ్‌లైన్ స్కాన్ ఈ పని చాలావరకు చేస్తుంది, ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉంటాయి. స్కానింగ్ వైపు మొగ్గేవాళ్లకు ఇదే ఆకర్షణ. కానీ స్కాన్‌తో లాక్ అయిన ఫైళ్లు తెరుచుకోవు. తేల్చాల్సిన అసలు విషయం అది కూడా కాదు, పాస్‌వర్డ్‌లు. డీజేవీయూ తరచూ ఒంటరిగా రాదు. అజోరల్ట్, విడార్, రెడ్‌లైన్ లాంటి దొంగ ప్రోగ్రాములను వెంటబెట్టుకొస్తుంది. క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, పాస్‌వర్డ్ లేకుండానే లాగిన్‌ను కొనసాగించే కుకీలు నిమిషాల్లో బయటికి పోతాయి. ఇంకేమేం దిగాయో చెప్పగల స్కానర్ లేదు. తనకు తెలిసినవాటినే అది పట్టుకుంటుంది. నెట్‌బ్యాంకింగ్ చేసే కంప్యూటర్ అయితే "ఏమీ దొరకలేదు" అన్న ఫలితాన్ని నమ్ముకుని కూర్చోవడం నాకు సమ్మతం కాదు. ఒక పూట పోయినా సరే, మొత్తం చెరిపి కొత్తగా వేసుకోవడమే మేలు.

ఫార్మాట్‌కి ముందు ఒక పని చేయకపోతే మాత్రం అది రాన్సమ్‌వేర్ చేసిన నష్టం కన్నా పెద్ద నష్టం తెచ్చిపెడుతుంది. లాక్ అయిన ఫైళ్లను పారేయకండి. వాటిని, ఒక రీడ్‌మీ నోట్‌ను, సీ డ్రైవ్‌లో సిస్టమ్ ఐడీ ఫోల్డర్‌లోని పర్సనల్ ఐడీ ఫైలును వేరే డిస్కులోకి తీసి పెట్టుకోండి. దీనికి ఉబుంటు లాంటి లైనక్స్‌ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడం ఉత్తమం, విండోస్ కోసం రాసిన మాల్‌వేర్ అక్కడ లేవదు. డ్రైవ్‌కి బిట్‌లాకర్ (విండోస్ వేసే డిస్కు తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూడండి. ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రమే తీసుకోండి, సెటప్ ఫైళ్లు ఒక్కటి కూడా వద్దు.

ఎందుకింత పట్టుదలంటే, పర్సనల్ ఐడీ చివర టీ అక్షరం, 1 అంకె ఉంటే ఆఫ్‌లైన్ కీతో, అంటే చాలామందికి ఒకటే అయిన కీతో, లాక్ చేసిందని అర్థం. ఆ రకానికి కీ దొరికినప్పుడు ఎమ్‌సీసాఫ్ట్ అనే భద్రతా సంస్థ 2019లో ఉచితంగా విడుదల చేసిన డీక్రిప్టర్ (తాళం తీసే ప్రోగ్రాము) తెరవగలదు. ఈరోజు తెరవలేకపోయినా తర్వాత తెరవొచ్చు. ఒక్కొక్కరికి విడిగా పుట్టించే ఆన్‌లైన్ కీ అయితే ఆ దారి లేదు. కానీ ఆశ పూర్తిగా వదులుకోనక్కర్లేదు. ఈ కుటుంబం ఒక్కో ఫైల్లో మొదటి 150 కేబీ దాకా మాత్రమే లాక్ చేస్తుంది. డాక్యుమెంట్ అయితే దాదాపు మొత్తం పోయినట్టే. కొన్ని జీబీల పెళ్లి వీడియోలో మాత్రం చెడింది పిసరంతే. అదే కెమెరాతో తీసిన మరో మంచి వీడియోను ఆధారంగా ఇస్తే రిపేర్ టూల్స్ చాలావాటిని నిలబెడతాయి. పెద్ద జిప్ ఫైళ్లలో మొదటి ఒకటి రెండు ఫైళ్లు పోయి మిగతావి బయటికి రావచ్చు. ఫోటో స్టూడియోల వాళ్లు ఫార్మాట్ తొందరలో పోగొట్టుకునేది ఇదే. వేరే కుటుంబమైతే నో మోర్ రాన్సమ్ సైట్లో నోటునూ, లాక్ అయిన ఒక ఫైలునూ ఇచ్చి దానికి విరుగుడు ఉందో లేదో చూసుకోవచ్చు. యూరోపోల్, డచ్ పోలీసులు మొదలైనవాళ్లు 2016లో పెట్టిన ఉచిత సేవ అది.

ఇక ఇన్‌స్టాలేషన్. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్‌ను శుభ్రమైన వేరే కంప్యూటర్లో దించి, 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ డిస్కులోని పార్టిషన్లన్నీ (సీ, డీ లాంటి భాగాలన్నీ) తీసేయండి. సీ ఒక్కటే ఫార్మాట్ చేసి డీ డ్రైవ్ వదిలేయడం అందరూ చేసే పొరపాటు. తెచ్చిపెట్టిన క్రాక్ సెటప్ అక్కడే ఉంటుంది, వారం తిరక్కుండా ఎవరో ఒకరు దాన్నే నొక్కుతారు. విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ అయితే అదే ఎడిషన్ వేస్తే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది, యాక్టివేటర్ అవసరమే రాదు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి మెషీన్ ఒప్పుకుంటే 11 వేసుకోండి. ముందే ఊడదీసి ఉంచిన బ్యాకప్ డిస్కు ఉంటే దాన్ని కొత్త విండోస్ సిద్ధమయ్యాకే పెట్టండి.

పాస్‌వర్డ్‌లు మార్చడానికి ఇదంతా అయ్యేదాకా ఆగొద్దు, ఫోన్ నుంచి వెంటనే మార్చండి. జీమెయిల్‌తో మొదలుపెట్టి బ్యాంకుకు రండి. కుకీలు పోయుంటే పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే చాలదు. అన్ని డివైజ్‌ల నుంచీ సైనౌట్ చేయండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి, వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ ఖాళీ చేయండి.

విండోస్‌లో ఉండే రీసెట్ దిస్ పీసీ మధ్యేమార్గం. ఫైళ్లు ఉంచే రకం వద్దు, డౌన్‌లోడ్స్‌లోని క్రాక్ అలాగే ఉండిపోతుంది. అంతా తీసేసే రకం, విండోస్‌ను నెట్ నుంచి కొత్తగా దించుకునే క్లౌడ్ డౌన్‌లోడ్‌తో అయితే ఫర్వాలేదు. డబ్బు కట్టడం గురించి ఒక్క మాట: ఏళ్లపాటు డీజేవీయూ నోట్లలో 980 డాలర్లు, 72 గంటల్లో అయితే సగం అని ఉండేది. కట్టినా కీ వస్తుందన్న పూచీ లేదు. కట్టకండి, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి.

ఎక్స్‌టెన్షన్ అయితే

ఇక్కడ ఫార్మాట్ ఎందుకు దండగంటే, క్రోమ్ సింక్, అంటే కంప్యూటర్ల మధ్య సెట్టింగులు పంచే ఏర్పాటు, ఎక్స్‌టెన్షన్‌లను గూగుల్ అకౌంట్‌లో దాచుకుంటుంది. కొత్త విండోస్, కొత్త క్రోమ్ వేసి లాగిన్ అయిన మరుక్షణం పాతది దిగిపోతుంది. కాబట్టి ముందు సింక్ ఆపండి, తర్వాత ఎక్స్‌టెన్షన్ తీయండి, అకౌంట్ సింక్ పేజీలో డేటా డిలీట్ చేయండి, చివర్లో సింక్ మళ్లీ మొదలుపెట్టండి. అదే అకౌంట్ ఉన్న రెండో కంప్యూటర్లోనూ దాన్ని తీసేయాలి. డేటా డిలీట్ చేసేముందు బుక్‌మార్కులు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుంటే నిశ్చింత.

రిమూవ్ బటనే లేకపోతే? మెనూ అడుగున, బ్రౌజర్‌ని మీ సంస్థ నిర్వహిస్తోందన్న మాట ఇంట్లోని కంప్యూటర్లో కనిపిస్తే అనుమానించాల్సిందే. అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని కొట్టండి. పాలసీలంటే బ్రౌజర్‌పై బలవంతంగా రుద్దే సెట్టింగులు. అక్కడ ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్ అనే వరుస ఉంటే దోషి అదే. విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీని తెరిచే రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషీన్, కరెంట్ యూజర్ రెండింటి కిందా సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరకు వెళ్లి ఆ ఫోర్స్‌లిస్ట్‌ను బ్యాకప్ తీసుకుని చెరిపేయండి. రీస్టార్ట్ చేశాక మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాస్తున్న ప్రోగ్రామో షెడ్యూల్డ్ టాస్కో ఉన్నట్టు. ఇన్‌స్టాల్ అయిన యాప్‌లను తేదీ వరుసలో పెట్టి, ఆ రోజుల్లో వచ్చిన తెలియనివి తీసేయండి. చేత్తో చేయడం కష్టమనుకుంటే మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల ఆడ్‌వ్‌క్లీనర్ ఉచితమే, ఇన్‌స్టాల్ కూడా చేయనక్కర్లేదు.

క్రోమ్ రీసెట్ సెట్టింగ్స్ చిన్న చిన్న వాటికి చాలు. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు ఉంటాయి, ఎక్స్‌టెన్షన్‌లు ఆగిపోతాయి, కుకీలు పోతాయి. పాలసీతో అతుక్కున్నదాన్ని మాత్రం అది కదిలించలేదు. మూలన వచ్చే యాడ్‌లకైతే నోటిఫికేషన్ సెట్టింగుల్లో ఆ సైట్‌కు అనుమతి తీసేస్తే సరి.

తీసేసే ముందు డీటెయిల్స్ నొక్కి అనుమతులు చదవండి. అన్ని సైట్లలోని డేటా చదివి మార్చే అనుమతి ఉంటే, అది మీరు టైపు చేసిన పాస్‌వర్డ్‌లను కూడా చూడగలిగింది. ఒకప్పుడు మంచిదే కదా అనుకోవద్దు. లక్షలమంది వాడిన గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌ను, యజమాని మారిన తర్వాత మాల్‌వేర్ ఉందంటూ గూగుల్ 2021 ఫిబ్రవరిలో తీసేసింది. అలాంటి అనుమతి ఉన్నది దొరికితే, ఎక్స్‌టెన్షన్ పోయాక పాస్‌వర్డ్‌లు మార్చుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అయితే పాలసీలు ఉండటం మామూలే, వాటిని ముట్టుకోకుండా ఐటీ వాళ్లకు చెప్పండి.