సాక్ష్య చట్టాన్ని చేతులతో నేర్చుకుంటే: ఎల్‌ఎల్‌బీ అయ్యాక నా మాట

మా లెక్చరర్ ఒకరు సాక్ష్య చట్టాన్ని చదివించినదానికంటే చేయించిందే ఎక్కువ. ఇప్పుడు నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో జూనియర్‌గా చేస్తున్నాను. రోజూ అక్కరకొస్తున్నది ఆ క్లాసే.

అన్నిటికంటే గట్టిగా నిలిచింది సీలు పాఠం. బల్ల మీద కూరగాయల కత్తి పెట్టి స్వాధీనం చేసుకోమన్నారు. పొడవు కొలవాలి, పంచనామా రాయాలి, గుడ్డలో చుట్టి, దారం కట్టి, లక్క కరిగించి సీలు వేయాలి, చీటీ మీద సాక్షుల సంతకాలు తీసుకోవాలి. ఆ లక్క వాసన ఇంకా గుర్తుంది. కొన్ని వారాలకు అదే పొట్లం మాక్ ట్రయల్‌కి వచ్చింది. డిఫెన్స్ వైపు అమ్మాయి మొదటి ప్రశ్నే, "ఇన్నాళ్లూ ఇది ఎవరి దగ్గరుంది?" అని. అవతలి జట్టు దగ్గర కాగితం లేదు. వస్తువు చేతులు మారిన ప్రతిసారీ ఎందుకు రాసిపెట్టాలో క్లాసు మొత్తానికీ అర్థమైంది.

క్రాస్ ఎగ్జామినేషన్, అంటే అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించడం కూడా నిలబడి చేస్తేనే వస్తుంది. పాత వాంగ్మూలంతో సాక్షి ఇప్పుడు చెప్పేది పొసగడం లేదని చూపాలంటే, ముందు ఆ భాగాన్ని అతని దృష్టికి తేవాలి. చదివితే ఒక్క వాక్యమే. ఏ లైను దగ్గర ఆపి అడగాలో మాత్రం అడిగితేనే తెలుస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసి వింటే, చీఫ్‌లో, అంటే మన సాక్షిని మనమే అడిగేటప్పుడు, అడగకూడని జవాబు అందించే ప్రశ్నలు ఎక్కడ దొర్లాయో చెవికే దొరికేవి.

2024 జూలై 1న పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్‌తో సహా కొత్త చట్టాలొచ్చినప్పుడు అందరికీ టెన్షనే. ఇలా నేర్చుకున్న వాటిలో చాలావాటికి నంబర్లు మార్చుకుంటే సరిపోయింది, పాత వాంగ్మూలం గురించిన సెక్షన్ 145 కాస్తా 148 అయింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో హ్యాష్ వాల్యూ, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి నంబరు, మాత్రం కొత్త. దానికీ ఒక వీడియో తీసుకుని హ్యాష్ తీశాం, ఒక్క సెకను కత్తిరించి మళ్లీ తీశాం. నంబరు మొత్తం మారిపోయింది! ఇక ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది.

రాజ్యాంగానికి ఈ పద్ధతి నాకు పనిచేయలేదు. రాజ్యాంగ మౌలిక స్వరూపం గురించి 1973లో వచ్చిన కేశవానంద భారతి తీర్పుకు ఎన్ని రంగుల చార్టులు గీసినా, కూర్చుని చదవక తప్పదు.

బాధంతా కోర్టు డైరీ గురించే. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఒక సివిల్, ఒక క్రిమినల్ ట్రయల్ చూసి రాయాలి, 30 మార్కులు. మా కాలేజీలో చాలామంది సీనియర్లవి చూసి దించేశారు. ఎవరూ పట్టించుకోలేదు. సాక్షి బోనులో తడబడటం ఒక్కసారైనా కళ్లారా చూడకుండానే పట్టా చేతికొచ్చింది వాళ్లకి.

కాలేజీలో చేరేముందు ఫీజుతో పాటు ఇవి కూడా అడగండి: డైరీ ఎవరు దిద్దుతారు? మాక్ ట్రయల్‌లో అందరికీ క్రాస్ చేసే అవకాశం వస్తుందా?