నిద్రపోయే ఎంజైమ్‌కి మాలకైట్ గ్రీన్ కిట్ పనికొస్తుందా?

ద్రావణంలో విడి ఫాస్ఫేట్ ఉంటే పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగే రంగు ఈ కిట్‌లో ఉంటుంది. మొదటి రోజు ప్లేట్ తీసి చూస్తే ఎంజైమ్ వేసిన వెల్స్ (ప్లేట్‌లోని చిన్న గుంటలు) అన్నీ పసుపుగానే ఉన్నాయి. కిట్ పాడైపోయి వచ్చిందేమో అనుకున్నాను. కానీ కిట్‌తో పాటు ఇచ్చిన ఫాస్ఫేట్ ద్రావణం వేసిన వెల్స్ చక్కగా ఆకుపచ్చకు తిరిగాయి. అంటే రంగులో లోపం లేదు, పని చేయనిది నా ఎంజైమే.

నేను పని చేస్తున్నది పీపీ5 మీద. ప్రొటీన్లలో సెరిన్, థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లాలకు అంటుకున్న ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైమ్ ఇది. 1994లో దీని జన్యువు గురించి మొదటి పేపర్లు వచ్చాయి. దీని అన్నదమ్ములు పీపీ1, పీపీ2ఏ మీద పేపర్లు కుప్పలుగా ఉంటే, దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. శుద్ధి చేసి ట్యూబులో పెడితే దాదాపు కదలదు. దాని మొదటి భాగంలో టీపీఆర్ అనే ఒకే తరహా ముక్కలు మూడు వరుసగా ఉంటాయి. అవే వెనక్కి వచ్చి, ఫాస్ఫేట్‌ను తెంపే చోటును మూతలా కప్పేస్తాయి. హెచ్‌ఎస్‌పీ90 అనే ప్రొటీన్ తోక చివర వచ్చి టీపీఆర్‌ను పట్టుకుంటే ఆ మూత తొలగుతుంది. అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం కలిపినా అంతే. కిట్ కాగితంలో ఎంజైమ్ కలిపి ఆగమని మాత్రమే ఉంది. నిద్రపోయే ఎంజైమ్‌లు కూడా ఉంటాయని ఒక్క వాక్యం రాసి ఉంటే నాకు రెండు రోజులు మిగిలేవి.

అరాకిడోనిక్ ఆమ్లం వేసి మళ్లీ చేశాను. ఈసారి పసుపు మెల్లగా చిలకపచ్చకు, అక్కడి నుంచి ముదురు ఆకుపచ్చకు మారుతుంటే కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. బయటికొచ్చిన ఫాస్ఫేట్ ఆమ్లంలో మాలిబ్డేట్‌తో జత కడుతుంది, ఆ జంటను మాలకైట్ గ్రీన్ పట్టుకుంటుంది. 620 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకుంటే చాలు. అయితే కొవ్వు ఆమ్లం ఉన్న వెల్స్ కొంచెం మసకబారి రీడింగ్ పెంచుతున్నాయి. ఎంజైమ్ లేకుండా ఆమ్లం మాత్రమే వేసిన వెల్స్‌ను పక్కన పెట్టుకుని ఆ విలువ తీసేయాలి.

ఇక బ్లాంక్, అంటే పోల్చుకోడానికి ఎంజైమ్ వేయకుండా ఉంచే వెల్స్ గొడవ. ఒకరోజు ఏమీ వేయని వెల్స్ కూడా పచ్చబడ్డాయి. బఫర్ (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం) కలిపిన గాజు బీకర్‌ను సబ్బుతో కడిగారు, దాని ఫాస్ఫేట్ గోడలకు అంటుకుని ఉంది. అప్పటి నుంచి కొత్త ప్లాస్టిక్ ట్యూబులే వాడుతున్నాను, ఫాస్ఫేట్ బఫర్ సీసాను ఆ బల్ల దరిదాపుల్లోకి రానివ్వను.

ఇంతకు ముందు పీఎన్‌పీపీ వాడేదాన్ని, ఫాస్ఫేట్ ఊడితే పసుపు రంగు ఇచ్చే పదార్థం అది. అది చవక, సులువు, రంగు పెరగడాన్ని నిమిష నిమిషానికీ చూడొచ్చు. కానీ అది చిన్న అణువు, చాలా ఫాస్ఫటేజ్‌లు (ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైమ్‌లు) దాన్ని తెంపేస్తాయి. ఈ కిట్‌తో అయితే నిజమైన ఫాస్ఫోపెప్టైడ్ (ఫాస్ఫేట్ అంటుకున్న ప్రొటీన్ ముక్క) పెట్టి, పీపీ5 దాన్ని ఇష్టపడుతుందో లేదో అడగొచ్చు. నాకు అదే ముఖ్యం. బదులుగా ఒక ఇబ్బంది: రంగు ద్రావణంలోని ఆమ్లం ఎంజైమ్‌ను అక్కడే ఆపేస్తుంది కాబట్టి, ప్రతి సమయానికీ వేరే వెల్ కావాలి.

హెచ్‌ఎస్‌పీ90తో పాటు చేయాలనుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త. అది స్వయంగా ఏటీపీని తెంపుతుంది. ట్యూబులో ఏటీపీ ఉంటే దాని ఫాస్ఫేట్ కూడా పచ్చగానే కనిపిస్తుంది. కిట్‌కు ఎవరి ఫాస్ఫేట్ అన్నది తెలియదు. నేను ఏటీపీ లేకుండా, ఆ తోక చివరి ఐదు అమైనో ఆమ్లాలున్న పెప్టైడ్‌తో మాత్రమే లేపుతున్నాను. రెండో కిట్ కూడా ఇదే తెప్పించుకున్నాను.