కొబ్బరి నూనె, కలబంద, ఓట్స్ క్రీము: రెండున్నరేళ్లు వాడాక

మాది అమలాపురం పక్క పల్లె. ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి ఎర్రగా దురద పెట్టే జబ్బు, నాకు మోచేతి మడతల్లో, వేళ్ల సందుల్లో వస్తుంది. గిన్నెల సబ్బు తగిలితే చాలు ఎర్రగా కందిపోయేది, రాత్రి నిద్రలో గోకేసుకుంటే పొద్దున దుప్పటి మీద రక్తపు చుక్కలు. దీన్నీ, ఫంగస్ వల్ల వచ్చేదాన్నీ తామరనే అంటారు కదా, తామర అని చెప్తే మందుల షాపులో ఫంగస్ ట్యూబు ఇచ్చారు, నెలన్నర వృథా.

కోనసీమలో ఒంటికి ఏమొచ్చినా మందు కొబ్బరి నూనే. కొబ్బరి పాలు కాచి తీసిన నూనె సీసా చేతిలో పెట్టి "ఇదుండగా ఆ క్రీములెందుకే" అన్నారు మా అత్తగారు. సగం నిజమే. చలికాలంలో స్నానం చేసి ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే రాస్తే బాగా పనిచేసింది, పొడి ఒంటికి రాస్తే మాత్రం పైన జిడ్డు, లోపల బిగుతు. నూనెలో నీళ్లుండవు కదా, ఉన్న తేమ పోకుండా ఆపుతుందంతే. మే నెల ఉక్కలో, కరెంటు కూడా లేని మధ్యాహ్నాల్లో, అదే నూనెకి మడతల్లో చెమటకాయలు లేచాయి. ఎండాకాలం మానేశాను. ఆవిడకి చెప్పలేదు.

పెరట్లో కలబంద కోసి వెంటనే రాసుకుంటే మంట పుట్టింది. తొక్క కింద కారే పసుపు రసం పడదు. ఇప్పుడు కోసిన మట్టని గ్లాసులో పావుగంట నిలబెట్టి, ఆ పసుపంతా కారాక కడిగి, మధ్యలో గాజులా ఉండే గుజ్జు మాత్రమే తీస్తాను. హాయి అరగంటే, ఆరాక చర్మం లాగేస్తుంది, పైన ఇంకేదైనా రాయాల్సిందే.

వేపాకు బొమ్మ చూసి కొన్న ఒక హెర్బల్ క్రీము గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. మూత తీస్తే గదంతా ఘుమఘుమ, రెండో రోజుకే వేళ్ల సందులు భగ్గుమన్నాయి. డబ్బా తిప్పి చూస్తే చివర్లో పర్ఫ్యూమ్, లిమొనీన్, లినలూల్. చివరి రెండూ మొక్కల్లో ఉండే వాసన పదార్థాలే, అయినా చాలామందికి పడవు. మొక్కేగా అనుకుంటే దురదగొండీ మొక్కే.

చివరికి నిలిచింది వాసన లేని ఓట్స్ క్రీము. అందులో కొలాయిడల్ ఓట్‌మీల్ ఉంటుంది, అంటే మెత్తగా నూరిన ఓట్స్ పిండి. అమెరికాలో మందుల్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2003లోనే దాన్ని చర్మ రక్షక పదార్థంగా గుర్తించింది. వాడిన పది రోజులకి రాత్రి గోకుడు తగ్గింది, నెలకి వేళ్ల మీద గరుకు పోయింది. స్నానమయ్యాక మూడు నిమిషాల్లోపే రాస్తాను, గిన్నెలు తోమిన ప్రతిసారీ మళ్లీ. ఓట్స్ పడనివాళ్లూ ఉంటారు కాబట్టి ముందు ముంజేతి మీద కొంచెం రాసి రెండు మూడు రోజులు చూడండి.

బాగా ఎర్రబడి రసి కారుతుంటే మాత్రం ఇవేవీ చాలవు. అలాంటప్పుడు నాలుగుసార్లు డాక్టరు రాసిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంటే వాడాను.

ఓట్స్ క్రీముకి పెద్ద లోపం ధర, ట్యూబు మూడు వారాలకి మించి రాదు. అయిపోయిందని పారేయకండి, కత్తెరతో మధ్యకి కోస్తే ఇంకో నాలుగు రోజులకి సరిపడా లోపల అంటుకుని ఉంటుంది.